గెనీజా ముక్కకు ముందు పక్క ఏది? ఒక ఎంట్రీ చాలా, రెండు కావాలా?

రెండో పక్క (చర్చ మొదలుపెట్టినవారు)

ఒక విదేశీ లైబ్రరీలో గెనీజా ముక్కల స్కాన్లు చూసి కేటలాగు ఎంట్రీలు రాసే పని నాది. లైబ్రరీ పేరు అడగొద్దు. గెనీజా అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. పాత కైరోలో ఫుస్తాత్ అనే చోట బెన్ ఎజ్రా సినగాగ్ ఉంది. దేవుడి పేరు రాసిన కాగితాన్ని చెత్తలో వేయకూడదని యూదుల ఆచారం. అలాంటివాటిని ఒక గదిలో పడేసేవాళ్లు, ఆ గదే గెనీజా. పడేయడం అలవాటయ్యాక దేవుడి పేరు ఉందా లేదా అని కూడా చూడలేదు. ఉత్తరాలు, పెళ్లి ఒప్పందాలు, దుకాణం పద్దులు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు కూడా అందులోకే వెళ్లాయి.

ఇక నా గొడవ. మొన్న ఒక ముక్క వచ్చింది. ఒక పక్క హీబ్రూలో ప్రార్థన గీతం, అంటే పియూత్. సన్నటి చక్కని రాత. తిప్పితే అరబిక్ లిపి. ఒక పంక్తి, తర్వాత నాలుగు వేళ్ల ఖాళీ, తర్వాత మరో పంక్తిలో సగం, అంతే. అక్షరాలు బొటనవేలంత ఉన్నాయి. మా ఫారంలో "ప్రధాన భాష" అని ఒకటే గడి ఉంది. అందుకని ఎంట్రీ ఇలా తయారైంది: "భాష హీబ్రూ. విషయం పియూత్. వెనక అరబిక్ రాత." సీనియర్ చూసి చాలు, తర్వాతది తీయమన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రెండు పక్కలకీ రెండు ఎంట్రీలు ఉండాలని నా వాదన. మీరేమంటారు?

అట్టపెట్టె

మీ సీనియర్ మాటే నా మాట. 22 ఏళ్లుగా ఈ కేటలాగింగ్ పనిలోనే ఉన్నాను (గెనీజా కాదు, వేరే రాతప్రతులు). సోలమన్ షెక్టర్ అనే పండితుడు 1896 చివర్లో కైరో వెళ్లి కేంబ్రిడ్జికి తెచ్చిన సరుకు ఒక్కటే 1,93,000 ముక్కలు. 1974లో స్టెఫాన్ రీఫ్ అక్కడ గెనీజా పరిశోధన విభాగం మొదలుపెట్టేనాటికి వాటిలో చాలా భాగం ఇంకా సరిగ్గా వర్గీకరణే కాలేదు. అరబిక్, యూదు అరబిక్ (హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబిక్) ముక్కలకు పెద్ద కేటలాగులు 2001లో ఒకటి, 2006లో ఒకటి వచ్చాయి. అంటే సరుకు వచ్చిన వందేళ్లకు! ఒక్కో ముక్కకూ రెండేసి ఎంట్రీలంటే ఆ పని మీ మనవలు కూడా పూర్తి చేయరు. ముందు అన్నిటికీ పొట్టి ఎంట్రీలు పడనివ్వండి. లోతు కావాల్సినవాళ్లు వచ్చి చూసుకుంటారు.

పాత కాగితం

అట్టపెట్టె గారూ, ఏమని వెతికి వస్తారండీ వాళ్లు? "వెనక అరబిక్ రాత" అని కొడితే వేలల్లో వస్తాయి.

రెండో పక్క గారూ, ఒక మాట చెప్పండి. అరబిక్ పంక్తి చివర ఎడమ వైపు కాస్త పైకి లేచినట్టు ఉందా? అక్షరాలకు చుక్కలు దాదాపు లేవా?

రెండో పక్క

లేచింది. చుక్కలు రెండో మూడో ఉన్నాయి, అంతే.

పాత కాగితం

అయితే అది అప్పట్లో ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫాల కచేరీ నుంచి వచ్చిన ఫర్మానా ముక్క అయ్యే అవకాశం బాగానే ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పను గానీ, ఆ లక్షణాలు అవే. పెద్ద అక్షరాలు, పంక్తికీ పంక్తికీ మధ్య దండిగా ఖాళీ. కాగితాలు ఒకదాని కింద ఒకటి అతికించి పొడుగాటి చుట్టగా రాసేవాళ్లు. అంత ఖాళీ వదలడం దర్జా కోసం. ఖలీఫాకి కాగితం పొదుపు ఏమిటి? పని అయిపోయాక ఆ చుట్టని ముక్కలుగా కోసేవాళ్లు. ఆ ముక్కలు యూదు రాతగాళ్ల చేతికి వస్తే వెనక పక్కనా, పంక్తుల మధ్య ఖాళీలోనూ ప్రార్థనలు రాసుకున్నారు. మెరీనా రస్టో 2020లో తెచ్చిన పుస్తకం మొత్తం వీటి మీదే. జెఫ్రీ ఖాన్ 1993లోనే కేంబ్రిడ్జిలో ఉన్న అరబిక్ కోర్టు పత్రాలు, సర్కారు పత్రాలు చదివి అచ్చు వేశాడు.

అంటే మీ ముక్కలో ముందు రాసింది అరబిక్, తర్వాత రాసింది హీబ్రూ. కేటలాగేమో హీబ్రూని ముందు పక్క అంటోంది. కాలం ప్రకారం చూస్తే అది తలకిందులు.

ఇంకో నష్టం ఉంది. ఒకే ఫర్మానాని మూడు ముక్కలు చేసి ఒకదాని మీద పియూత్, ఒకదాని మీద తాల్ముద్ (యూదుల ధర్మశాస్త్ర గ్రంథం), ఒకదాని మీద పద్దు రాశారనుకోండి. హీబ్రూ విషయం చూసి వర్గీకరిస్తే ఆ మూడూ మూడు పెట్టెల్లోకి పోతాయి. జన్మలో కలవవు.

అట్టపెట్టె

బాగుంది. చదివేదెవరు? ఫాతిమీ కచేరీ రాత, చుక్కలు లేని రాత, గడగడా చదివేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది? హీబ్రూ చదువుకుని ఉద్యోగంలో చేరిన కుర్రాడి చేత అది చదివిస్తే తప్పే రాస్తాడు. కేటలాగులో తప్పు ఎక్కితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒక ప్రతికి శతాబ్దం తప్పు వేశాను. అది చూసి ఇద్దరు వ్యాసాలు రాశారు, ఆ వ్యాసాలు చూసి ఇంకొకరు. నేను దిద్దినా వాళ్లు దిద్దలేదు. తెలియనిది రాయకపోవడమే మేలు.

చుక్కలముగ్గు

నేను వాలంటీరుని. 2017లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు వాలంటీర్లు పనిచేసే జూనివర్స్ అనే వెబ్‌సైటులో గెనీజా ప్రాజెక్టు పెట్టారు కదా, అందులో ముక్కలు వేరు చేశాను. లిపి హీబ్రూనా అరబికా, రాత పద్ధతిగా ఉందా గబగబా గీకిందా అని అడిగేవారు. హీబ్రూ అక్షరాలు రాకపోయినా చేయగలిగిన పనే.

అందులో తెలిసిందేమిటంటే, లిపి చూసి భాష చెప్పలేం. గెనీజాలో బోలెడన్ని కాగితాలు హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబిక్. యూదు తత్వవేత్త మైమోనిడీస్ తమ్ముడు దావీదు ఇండియా వెళ్తూ ఎర్రసముద్రం ఒడ్డున ఐధాబ్ రేవు నుంచి అన్నకు రాసిన ఉత్తరం కూడా అదే రకం. (ఆ ప్రయాణంలోనే మునిగి చనిపోయాడు పాపం.) చుక్కల సంగతి చెప్పాలంటే ఇంకో తలనొప్పి. అరబిక్‌లో ఉండి హీబ్రూలో లేని శబ్దాలకు అక్షరం మీద చుక్క పెట్టేవాళ్లు. హీబ్రూ అక్షరం సాదె మీద చుక్క పెడితే అరబిక్ దాద్, తెత్ మీద పెడితే జా. గిమెల్ మీద చుక్క ఒకడి రాతలో జీమ్, ఇంకొకడి రాతలో గైన్. సగంమంది అసలు చుక్కే పెట్టరు. ఒక ముక్క రెండు రోజులు చూసి హీబ్రూ అనుకున్నాను. తీరా "అల్" (ఇంగ్లీషు "ది" లాంటి అరబిక్ మాట) అనే రెండక్షరాలు పదే పదే మాటల ముందు కనిపిస్తే అప్పుడు వెలిగింది.

"ప్రధాన భాష" గడి కన్నా ముందు "లిపి" గడి వేరేగా ఉందా మీ ఫారంలో?

రెండో పక్క

లేదు! భాష ఒక్కటే. యూదు అరబిక్‌ని కొందరు "అరబిక్" అంటున్నారు, కొందరు "హీబ్రూ లిపి" అంటున్నారు.

తాళపత్రం గుమస్తా

ఇదేం వింత? మా తాటాకు ప్రతుల జాబితాల్లో ఈ రెండు గడులూ ఎప్పటినుంచో ఉన్నాయి. భాష సంస్కృతం, లిపి తెలుగు. భాష సంస్కృతం, లిపి గ్రంథ (తమిళనాట సంస్కృతం రాసే లిపి). ఆ గడి లేకపోతే తెలుగు లిపిలో ఉన్న సంస్కృత ప్రతి తెలుగు గ్రంథం అయి కూర్చుంటుంది.

మీట నొక్కు

ఇంత చర్చ దండగ. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. ఇంకో ఐదేళ్లలో ప్రతి ముక్కా రెండు పక్కలా మెషిన్ చదివేస్తుంది. కేటలాగే అక్కర్లేదు.

చుక్కలముగ్గు

మెషిన్‌కి నేర్పేది ఈ ఎంట్రీలతోనే కదా సార్. మనం హీబ్రూ అని రాస్తే అదీ హీబ్రూ అనే అంటుంది, అదీ మహా ధీమాగా.

పాత కాగితం

మెషిన్ పనికిరాదని కాదు. వేరు వేరు లైబ్రరీల్లో ఉన్న ముక్కల చేతిరాతలు పోల్చి "ఈ రెండూ ఒకే ప్రతివి కావచ్చు" అని చూపించడంలో బాగా సాయపడింది. అవునో కాదో చివరికి మనిషే చెప్పాడు.

రెండు పక్కల సంగతికి మన దేశం నుంచే ఉదాహరణ ఇస్తాను. అబ్రహాం బెన్ యిజూ ట్యునీషియా యూదుడు. 1132 నుంచి 1149 దాకా ఎక్కువగా మంగళూరు వైపే ఉన్నాడు. కంచు సామాన్ల కార్ఖానా నడిపాడు. ఆషూ అనే అక్కడి అమ్మాయిని బానిసత్వం నుంచి విడిపించాడు, ఆమెనే పెళ్లి చేసుకున్నాడని పండితుల మాట. అక్కడ కాగితం దొరకదు. అందుకని యెమెన్ రేవు ఏడెన్‌లోని స్నేహితులు సరుకుతోపాటు కాగితం కూడా పంపేవారు. అయినా చాలక వాళ్ల ఉత్తరాల వెనకే లెక్కలు, పద్యాల చిత్తుప్రతులు రాసుకున్నాడు. ఒక పక్క ఏడెన్, ఒక పక్క మంగళూరు. ఏడెన్ ఉత్తరం అని ఒక్క ఎంట్రీ వేసి ఊరుకుంటే మంగళూరు ఎగిరిపోయినట్టే. గోయిటైన్ అనే చరిత్రకారుడు ఈ ఇండియా వర్తకుల కాగితాల వెనక దశాబ్దాలు తిరిగాడు. పుస్తకం 2008లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఫ్రీడ్‌మన్ పూర్తి చేస్తే వచ్చింది.

(పక్కదారి: ఫాతిమీ కాలంలో అర్జీని "రుక్‌అ" అనేవారు. అతుకు గుడ్డ, కాగితం ముక్క అని దాని అసలు అర్థం. మన అప్పు రుక్కా అదే మాట.)

అట్టపెట్టె

రుక్కా సంగతి బాగుంది, మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒకటి ఉండేది.

సరే, బెన్ యిజూ మాట ఒప్పుకుంటాను. అయినా రెండు పూర్తి ఎంట్రీలకు ఒప్పుకోను. ఫారంలో "వెనక అరబిక్ రాత" అనే చోట మాటలు కాకుండా కొలతలు రాయండి. పంక్తులు ఎన్ని, మధ్య ఖాళీ ఎన్ని సెంటీమీటర్లు, చుక్కలు ఉన్నాయా, ఏది దేని మీద రాసినట్టు కనిపిస్తోంది. దీనికి అరబిక్ రానక్కర్లేదు, స్కేలు చాలు. రెండు నిమిషాల పని. రేపు పాత కాగితం గారి లాంటివారు "ఖాళీ నాలుగు సెంటీమీటర్ల పైన" అని వెతికితే వరసగా వచ్చి పడతాయి. చదవకుండానే.

పాత కాగితం

ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ "ముందు", "వెనక" అనే మాటలు తీసేయండి. "ఎ పక్క", "బి పక్క" చాలు.

అట్టపెట్టె

తీసేస్తే పాత వ్యాసాల్లో ఇచ్చిన నంబర్లన్నీ అటూ ఇటూ అవుతాయి. అది మాత్రం కుదరదు.

రెండో పక్క

సోమవారం మీటింగు ఉంది. లిపికి వేరే గడి, వెనక పక్కకు కొలతలు అడుగుతాను. ముందు వెనక పేర్ల జోలికి ఇప్పుడు వెళ్లను, ఉద్యోగం కొత్త. ఇంకో చిన్న గడి కూడా అడగాలనుకుంటున్నాను: "రెండో పక్క చూశారా? అవును / కాదు."

తాళపత్రం గుమస్తా

"చూశాం, అర్థం కాలేదు" అని మూడోది కూడా పెట్టించండి. ఎక్కువ టిక్కులు దానికే పడతాయి.