అంబులెన్స్‌లో వెనక కూర్చున్నవాళ్లు డ్రైవర్‌కు ఏం చెప్పాలి?

డోన్ కుర్రోడు:
పోయిన నెల రాత్రిపూట మా నాయనకు గుండెనొప్పి వస్తే ప్రైవేట్ అంబులెన్స్ మాట్లాడుకుని కర్నూలు పెద్దాసుపత్రికి బయల్దేరినాం. హైవే మీద ముల్లు 110 దగ్గరే ఉంది. ఊళ్లోకి వచ్చినాక ఒక చౌరస్తాలో రెడ్ సిగ్నల్ ఉన్నా మా బండి ఆగలేదు, పక్క రోడ్డు నుంచి వచ్చిన బొలెరో వెనక డోర్ దగ్గర గుద్దింది. నాయనను స్ట్రెచర్‌కు బెల్టులతో కట్టి ఉన్నారు కాబట్టి ఆయనకేం కాలేదు, ఆయన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చున్న మా అమ్మ మాత్రం ఎగిరి ఎదురు అరకు కొట్టుకుని జబ్బ ఎముక విరిగింది. డ్రైవర్‌ను ఏమన్నా అందామంటే, ఎక్కేటప్పుడు "తొందరగా పో అన్నా" అని పదిసార్లు అన్నది నేనే. మళ్లీ ఇట్లాంటి పరిస్థితి వస్తే ఏం చెప్పాలి?

పాత పైలట్:
తమ్ముడూ, నేను 108లో ఎనిమిదేళ్లు పైలట్‌గా చేసినా (మా దాంట్లో డ్రైవర్‌ను అట్లే అంటారు). నీ మాట వల్లే అయిందని మనసులో పెట్టుకోవద్దు, పేషెంటు మనుషులు అందరూ అట్లే అంటారు, అది విని కూడా కాలు అదుపులో పెట్టుకోవడమే మా పని. 80 నుంచి 110కి పోతే 10 కిలోమీటర్లకు మిగిలేది రెండు నిమిషాలు, గుద్దుకుంటే దెబ్బ బలం మాత్రం దాదాపు రెట్టింపు. అయినా ఖాళీ హైవే కన్నా చౌరస్తానే ప్రమాదం. సైరన్ వేస్తే అందరికీ వినపడుతుందని అనుకుంటాం, ఏసీ వేసి అద్దాలు ఎక్కించి పాటలు పెట్టుకున్నవాడికి మనం పక్కకు వచ్చేదాకా తెలీదు. ఒక బస్సు మనకోసం ఆగుతుంది, ఆ బస్సు చాటునుంచి బైక్ వస్తుంది. నేనైతే రెడ్ ఉంటే దాదాపు ఆపేసి, ఒక్కో లైను చూసుకుని దాటేవాణ్ణి. దానికి పోయేది పది సెకన్లు.

కడప సిస్టర్:
క్యాజువాలిటీలో పని చేస్తా. పేషెంటును దింపుతుంటే చూస్తా కదా, చాలాసార్లు నడుము బెల్టు ఒక్కటే పెట్టి ఉంటారు. గట్టిగా బ్రేక్ వేస్తే మనిషి ముందుకు జారిపోతాడు, భుజాల మీద బెల్టులు కూడా పెట్టాలి. ఆక్సిజన్ సిలిండర్‌ను కూడా కట్టి ఉంచాలి, అది వదులుగా ఉంటే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. "తొందరగా పో" అనే బదులు "సిగ్నల్ దగ్గర చూసుకుని పో అన్నా, మేం బెల్టు పెట్టుకున్నాం" అనండి. అమ్మ ఎట్లా ఉన్నారు ఇప్పుడు?

అనంతపురం వాసి:
మనం కూడా దారి ఇవ్వాలి అన్నా. దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా వేయొచ్చని 2019లో చట్టం మార్చినారు, మా సప్తగిరి సర్కిల్‌లో అది తెలిసినట్టు ఎవరూ నడపరు. దారి దొరికింది కదా అని అంబులెన్స్ వెనకాలే అంటుకుని పోయేవాళ్లను చూస్తే ఇంకా భయం, అది ఆగితే వీళ్లు దాంట్లోకే పోతారు.

డోన్ కుర్రోడు:
అమ్మకు కట్టు ఇంకా ఉంది, నాయన బాగున్నాడు. సిస్టర్ చెప్పినాక ఈరోజు ఇక్కడ స్టాండులో ఉన్న అంబులెన్స్ ఎక్కి చూసినా. బెంచీకి బెల్టు ఉంది, రెక్సిన్ కిందికి దూరిపోయి ఉంది. బయటికి లాగి పెట్టినా. చూస్తున్న డ్రైవరన్న ఏమీ అనలేదు, రెండోది ఆయనే లాగినాడు.