మట్టి ఎత్తు మీద పికప్ కోసేస్తున్న ట్రాక్షన్ కంట్రోల్: ఆఫ్ చేయాలా, ఉంచాలా?

పాడేరు బండి
ఘాట్ రోడ్డు వదిలాక మా ఊరికి మట్టి దారే. వానలకు కోసుకుపోయి రాళ్లు పైకి తేలాయి. మాది ముందు చక్రాలతో నడిచే పెట్రోల్ కారు. ఎత్తు ఎక్కుతుండగా ఒక చక్రం జారిందంటే మీటర్లో పసుపు లైటు కొట్టుకుంటుంది, ఎంత రేజ్ చేసినా ఇంజన్ పలకదు. వెనక సీట్లో పిల్లలుంటే బండి ఎక్కడ వెనక్కి జారుతుందోనని టెన్షన్. ఇలాంటి రోడ్లున్న ఊళ్లలో, చక్రం జారకుండా చూసే ఈ ట్రాక్షన్ కంట్రోల్‌ని ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచాలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గ్యారేజీ రాజమండ్రి
నేను కాదంటాను. బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్లతోనే ఇదీ పనిచేస్తుంది. ఇంజన్ తిప్పే చక్రాల్లో ఏదైనా మిగతా వాటికన్నా వేగంగా తిరిగితే జారుతోందని లెక్కగట్టి, ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజన్ పవర్ తగ్గిస్తుంది. గుంతలో చక్రం గాల్లోకి లేచినా, తడి తారు మీద జారినా దానికి ఒకేలా కనిపిస్తుంది. మీ ఇబ్బంది అక్కడుంది, ఒప్పుకుంటాను.

కానీ ఆ బ్రేకు మీకు మేలే చేస్తోంది అన్నా. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లో ఉంటే అదే గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. తిరిగేదానికి బ్రేకు పడితేనే రెండోదానికి బలం అందుతుంది. కొన్ని కార్లలో ఆఫ్ బటన్ నొక్కితే ఇంజన్ కోత మాత్రమే ఆగుతుంది, బ్రేకు పని సాగుతుంది. కొన్నిట్లో రెండూ పోతాయి. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో చూడండి.

ఇంకొకటి. ఎత్తు మీద బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి. ముందు చక్రాల బండికి పట్టు తప్పేది అందుకే. టైర్లు అరిగి ఉంటే ట్రాక్షన్ కంట్రోల్‌ని తిట్టి లాభం లేదు.

లంక రైతు
గోదావరి లంకల్లోకి వచ్చి చూడండి. ఇసుకలో ఊపు పోతే బండి దిగబడినట్టే. చక్రం కాస్త తిరుగుతూ ముందుకు పోవాల్సిన చోట పవర్ కోస్తే ఏం చేయాలి? నల్లరేగడి బురదలోనూ అంతే, టైరు తిరిగితేనే గాళ్లలో పట్టిన మట్టి విదిలిపోతుంది. దిగబడితే ఆఫ్ చేయమని చాలా కంపెనీల మాన్యువల్సే చెబుతున్నాయి. నేను ఇసుకలోకి దిగే ముందే ఆఫ్ చేస్తాను, తారు ఎక్కగానే ఆన్.

హైవే పక్క ఊరు
"ఎప్పుడూ ఆఫ్" అనే మాటకు భయపడుతున్నాను. వాన పడ్డ ఘాట్ మలుపులో బండి అడ్డంగా జారకుండా దారిలో నిలిపేది దీంతో కలిసి పనిచేసే ఈఎస్‌సీ (స్టెబిలిటీ కంట్రోల్). చాలా కార్లలో ఆ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే ఈఎస్‌సీ కూడా ఆగిపోతుంది. కార్ల భద్రతకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్‌ పరీక్షలో మూడు స్టార్లు రావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి, దానికి అంత విలువ ఉంది. అమెరికా నిబంధన ప్రకారమైతే ఆఫ్ చేసినా, బండి మళ్లీ స్టార్ట్ చేయగానే అది ఆన్‌లోకి రావాలి. మనిషి మర్చిపోతాడని తెలిసే అలా పెట్టారు.

మట్టి అంచు నుంచి హైవే ఎక్కేటప్పుడు పవర్ కోసేస్తోందని మా ఊళ్లోనూ తిడతారు. లారీ వస్తుంటే ఆ క్షణం నిజంగా ప్రమాదమే. కానీ ఆఫ్ చేస్తే పికప్ రాదు, కంకర మీద చక్రం ఊరికే తిరుగుతుంది. పెద్ద గ్యాప్ వచ్చేదాకా ఆగి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ ఎక్కాలి.

పాడేరు బండి
గ్యారేజీ అన్న చెప్పిన బ్రేకు సంగతి సరే, ఘాట్‌లో ఆన్‌లోనే ఉంచుతాను. మట్టి ఎత్తు మీద మాత్రం ఆఫ్ చేస్తాను, ఆ హక్కు డ్రైవర్‌కి ఉండాలి. కొత్త మోడళ్లు కొన్నిట్లో ఆ బటన్ తీసేసి టచ్‌స్క్రీన్ మెనూల్లోకి తోశారు. కుదుపుల్లో, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నప్పుడు ఎక్కడ వెతకాలి? గేర్ లివర్ పక్కన చేతికి అందే బటన్ ఇవ్వమని కంపెనీలను అడగాలి.