చెత్తగుంట ముందా, పేదల వాడ ముందా?

చర్చకు పెట్టిన ప్రశ్న:
అమెరికాలో ప్రమాదకర వ్యర్థాలు చేరే చోట్లు నల్లజాతీయులు, పేదలు నివసించే ప్రాంతాల్లోనే ఎక్కువన్నది 1980ల నుంచి వింటున్న మాటే. దీన్ని వివక్ష అనవచ్చునా అన్నదే నా సందేహం. కంపెనీ చౌక భూమిని చూసుకుంటుంది. అది వచ్చాక చుట్టూ ఇళ్ల ధరలు పడిపోతాయి. స్తోమత ఉన్నవారు తరలిపోగా, తక్కువ అద్దె కోసం పేదలు వచ్చి చేరతారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు కదా?

జవాబు:
మీరు చెప్పిన క్రమం కొన్నిచోట్ల నిజం కావచ్చు గాని, ఇలాంటి వివక్షపై సాగిన ఉద్యమానికి పుట్టిల్లయిన వారెన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అది పొసగదు. 1978లో నార్త్ కరోలినా రహదారుల అంచున పీసీబీ అనే విషరసాయనం కలిసిన నూనెను దొంగచాటుగా పారబోస్తే, ఆ మట్టిని తవ్వి పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వం నల్లజాతీయులు అధికంగా ఉన్న ఆ పేద కౌంటీని ఎంచుకుంది. భూగర్భజలం పైపైనే ఉందని స్థానికులు ఎంత మొత్తుకున్నా 1982లో లారీలు రానే వచ్చాయి. అడ్డుకున్నవారిలో 500 మందికి పైగా అరెస్టయ్యారు. అక్కడ ఊరు ముందు, గుంట తరువాత. హ్యూస్టన్‌లోనూ, నగర జనాభాలో నల్లజాతీయులు నాలుగో వంతే అయినా, నగరపాలక సంస్థ సొంత చెత్తగుంటలు ఐదింటికి ఐదూ వారి వాడల్లోనే ఉన్నాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బుల్లార్డ్ 1979లో లెక్క తేల్చారు.

ప్రశ్న వేసినవారు:
వారెన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ హ్యూస్టన్ వాసులు కోర్టుకెక్కినప్పుడు, కావాలనే చేశారన్నది రుజువు కాలేదన్నారు గదా?

జవాబు:
చిక్కంతా అక్కడే ఉంది. మనసులోని ఉద్దేశానికి కాగితం మీద సాక్ష్యం దొరకదు. పొగ మాత్రం ఉద్దేశం అడిగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లదు. అందుకే ముందెవరు, వెనకెవరు అన్న తగవు నాకు (మీరు నొచ్చుకోకండి) కాలయాపనగా తోస్తుంది. న్యూజెర్సీ రాష్ట్రం 2020లో చేసిన చట్టం ఉద్దేశమేమిటి, ఎవరు ముందు అన్న రెండు ప్రశ్నలనూ పక్కనబెట్టి, ఆ వాడ ఇప్పటికే ఎంత భారం మోస్తోందో, కొత్త కర్మాగారం దానికి ఇంకెంత జోడిస్తుందో కలిపి లెక్కించమంటుంది. ఆ మొత్తం ఇతర ప్రాంతాలకన్నా మించితే, అనివార్యమైన ప్రజావసరం ఉంటే తప్ప, కొత్తదానికి అనుమతి నిరాకరించాలి. పాతవాటి అనుమతులు పునరుద్ధరించేటప్పుడు మాత్రం షరతులు పెట్టడమే గాని కాదనే అధికారం ఇవ్వలేదు. మీరు పట్టుబట్టవలసిన లోపం ఏదైనా ఉంటే, అది ఇదే.