అప్‌డేట్: వెనక గదికి వైఫై అందింది, అడ్డుపడింది అద్దమే

రూటర్‌కూ వెనక గదికీ మధ్య ఒక్క ఇటుక గోడే ఉన్నా వైఫై ఎందుకు అందడం లేదని పోయిన వారం అడిగాను. గోడ సంగతి తర్వాత, ముందు దానికి ఆనించి ఉన్న వస్తువులను చూడమన్న మీ అందరికీ మనసారా కృతజ్ఞతలు.

అక్కడ నిలువెత్తు అద్దాల తలుపులున్న బీరువా ఉంది. అద్దం వెనక పూసిన లోహపు పొర వెంట్రుక కన్నా ఎన్నో వందల రెట్లు పలుచన. అయినా తరంగాలను తిప్పికొట్టేస్తుంది! బీరువాను పక్క గోడకు జరపగానే ఫోనులో సంకేతం మైనస్ 82 నుంచి మైనస్ 65 డీబీఎంకు (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) పెరిగింది. చూడటానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, 17 డెసిబెల్స్ అంటే దాదాపు 50 రెట్ల శక్తి. నాకైతే నోట మాట రాలేదు.

మంచం ఉన్న మూలలో మాత్రం ఇంకా తడబడుతూనే ఉంది. దారిలో చేపల తొట్టి ఉంది మరి. నీటి అణువుకు ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఉంటాయి. మారుతున్న విద్యుత్ క్షేత్రంతో పాటు తిరగబోయి ఆ అణువులు తరంగ శక్తిని వేడిగా మార్చేస్తాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ నీటికి ప్రత్యేకమైన పౌనఃపున్యమని ఇన్నాళ్లూ నమ్మాను, అది పొరపాటు. మామూలు ఉష్ణోగ్రతలో నీటి శోషణ గరిష్ఠంగా ఉండేది సుమారు 20 గిగాహెర్ట్జ్ దగ్గర.

చేపలను కదిలించడం ఇష్టం లేక రూటర్‌నే తొట్టి కన్నా ఎత్తున, అటక మీద పెట్టాను. ఇప్పుడు ఆ మూలలోనూ వీడియో కాల్ ఆగకుండా సాగుతోంది. వైఫై వాడే మరో పౌనఃపున్యం, 5 గిగాహెర్ట్జ్, ఇంకా బలహీనమే, ఇటుక గోడ దాన్ని ఎక్కువగా మింగేస్తోంది. ఆ గదికి 2.4 చాలు.