స్నేహితులను పుస్తకం చెప్పమని అడగాలా, వద్దా?

రామ్‌నగర్ పాఠకురాలు:
ఏటా డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌కి వెళ్లేముందు స్నేహితులను అడిగి చిట్టీ రాసుకోవడం నాకు అలవాటు. పోయినసారి ఆరుగురిని "మంచి పుస్తకం ఒకటి చెప్పండి" అని అడిగితే నలుగురు ఒకే పెద్ద నవల పేరు చెప్పారు. కొన్నాను. సగంలో ఆగిపోయి, "మీరెలా పూర్తి చేశారు?" అని ఫోన్ చేస్తే ముగ్గురు అసలు చదవలేదన్నారు. నాకు చాలా బాధ కలిగింది. ఇక ఎవరినీ అడగకుండా నేనే చూసుకోవడం మేలంటారా?

కోఠి మనిషి:
మేలే అమ్మా. స్నేహితుడు చెప్పిన పుస్తకం అప్పులాంటిది. "చదివావా? ఎంతవరకు వచ్చింది?" అని వారం వారం అడుగుతుంటే చదువు కాస్తా టెన్షన్ అవుతుంది. నచ్చలేదంటే వాళ్ల మనసు కష్టపడుతుంది. నేను ఇరవై ఏళ్లుగా ఆదివారం పొద్దున్నే పాత పుస్తకాలు అమ్మే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్లి, ఏదో ఒక పేజీ తెరిచి నాలుగు వాక్యాలు చదివి, నచ్చితేనే తీసుకుంటాను. నా ఇష్టం నాది.

నల్లకుంట అక్క:
రామ్‌నగర్ చెల్లీ, అడగడం మానకు. అడిగే మాట మార్చు. "మంచి పుస్తకం చెప్పండి" అంటే ఎవరికైనా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. పరువు నిలిపే పేరు చెప్పేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నువ్వు అడిగినదానికి జవాబు అదే.

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే స్నేహితురాలు పుస్తకాలు చదువుతుందని మూడేళ్లు నాకు తెలియదు. ఒకరోజు లంచ్‌లో "నువ్వు రెండోసారి తెరిచిన పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగాను. పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అమరావతి కథలు" అంది. ఎందుకని అడిగితే, కృష్ణకు వరద వచ్చిన కథ చెప్పడం మొదలుపెట్టింది. ఊరు మునిగితే ఎక్కువ తక్కువలు పక్కనపెట్టి మనుషులు ఒక్కచోట చేరే కథ. వాళ్ల నాన్న భద్రాచలంలో గోదావరి వరదలు చూసిన మనిషట. ఆ కథను రాత్రిళ్లు పైకి చదివి వినిపించేవారట. చెబుతుంటే గొంతు మారింది. అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పుస్తకం తెచ్చిచ్చింది. ఊడిన అట్టను తెల్లదారంతో కుట్టారు. పేజీల మధ్య రంగు వెలిసిన బస్సు టికెట్ ఉంది. సత్యం శంకరమంచి రాసిన ఆ వంద కథలకు 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ తెరవలేదు. తన చెయ్యి అలా ఆగడం చూశాకే తెరిచాను.

కోఠి అన్నా, అప్పు అన్నారు కదా. "చదవలేకపోయాను" అని చెప్పే చనువు లేనివాళ్ల దగ్గర పుస్తకం తీసుకోకూడదు, అంతే. ఒక స్నేహితుడిచ్చిన నవలను యాభై పేజీల దగ్గర తిరిగిచ్చేశాను. "ఎక్కడ ఆగావు?" అన్నాడు. చెప్పాను. ఆ రోజు గంటసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

ఇంకో మాట. మన ఊళ్లో తెలుగు చదువు మనిషి చేతి నుంచి మనిషి చేతికే వచ్చింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టేనాటికి ఇక్కడ తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు స్వయంగా మోసుకుని తిరిగి అమ్మారు. ఎవరో ఒకరు ఎదుట నిలబడి "ఇది చదవండి" అనకపోతే ఆ పుస్తకాలు ఎవరింటికీ చేరేవి కావు. మీ ఆబిడ్స్‌లో కూడా, పుస్తకాలు పరిచిన ఆయన మీ ముఖం గుర్తుపట్టి ఒకటి తీసి పక్కన పెట్టే ఉంటాడు.

కోఠి మనిషి:
పెడతాడు అక్కా. ఆ మాట ఒప్పుకుంటాను.

చిక్కడపల్లి:
నాది వేరే అభ్యంతరం. స్నేహితులు మనలాంటివాళ్లే అయితే పుస్తకాలూ అవే తిరుగుతాయి. మా గుంపంతా సాఫ్ట్‌వేర్. అవే నాలుగైదు ఇంగ్లిష్ పుస్తకాలు ఒకరికొకరం చెప్పుకుంటాం. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" నాకు ఎవరూ చెప్పలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో, వేరే పుస్తకం కోసం బీరువా వెతుకుతుంటే చేతికి వచ్చింది. మాది నల్లగొండ జిల్లా. దొర గడీ ముందు చెప్పులు విప్పి నడిచిన సంగతి మా తాత చెబుతుంటే చిన్నప్పుడు విసుక్కునేవాడిని. నిజాం కాలపు పల్లె గురించి అందులో చదువుతుంటే మా తాతే పక్కన కూర్చుని చెబుతున్నట్టు అనిపించింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. స్నేహితులను అడుగుతూ కూర్చుని ఉంటే ఆ పుస్తకం నాకు దొరికేదే కాదు.

నల్లకుంట అక్క:
తమ్ముడూ, ఇది నిజం. నేను దీన్ని ఆలోచించలేదు. మనకంటే వయసులో, పనిలో, ఊరిలో వేరైనవాళ్లను అడగాలి, లైబ్రరీకీ వెళ్లాలి. కానీ ఒకటి చెప్పు. ఆ పుస్తకం గురించి నీ గుంపులో ఎవరికైనా చెప్పావా?

చిక్కడపల్లి:
లేదక్కా. పాతకాలం పుస్తకం అంటారేమోనని ఊరుకున్నాను.

నల్లకుంట అక్క:
ఇప్పుడు మాకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పు. తాత సంగతితో సహా.

రామ్‌నగర్ పాఠకురాలు:
నిన్న రాత్రి అక్క చెప్పినట్టే అడిగి చూశాను. మా అమ్మకు ముప్పై ఏళ్ల స్నేహితురాలు ఒకావిడ ఉన్నారు, రిటైరైన నర్సు. "ఆంటీ, మీకు మళ్లీ చదవాలనిపించే పుస్తకం ఏది?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నైట్ డ్యూటీల్లో చదివేవారట ఒక నవల, పేరు గుర్తులేదన్నారు. నీలం అట్ట, పాత పుస్తకాల కొట్లో కొన్నారు, అందులో ఒక తల్లి రైలు దిగి ఎవరూ రాకపోయినా ప్లాట్‌ఫామ్ మీదే కూర్చుంటుంది. ఆ చోటు వరకు చెప్పి "దొరికితే నాక్కూడా ఒకసారి ఇవ్వమ్మా" అన్నారు.

కోఠి అన్నా, ఈ ఆదివారం మీరు ఆబిడ్స్ ఎన్నింటికి వెళ్తారు? నేనూ వస్తాను.