కాఫీతో పాత కాగితం చేద్దామంటే అప్పడంలా తయారైంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

బెజవాడ అమ్మ
అందరికీ నమస్తే అండీ. మా వాడు ఏడో క్లాసు. ఆగస్టు 15కి స్కూల్లో అల్లూరి సీతారామరాజు స్కిట్ వేస్తున్నారు, మావాడు చింతపల్లి స్టేషన్లో పోలీసు. మిరపకాయ టపా అని ఉత్తరాన్ని మిరపకాయలతో కలిపి బాణానికి కట్టి పంపేవాడంటారు కదా, ఆ ఉత్తరం మావాడి చేతికి వస్తుంది కాబట్టి మీరే చేసి పంపండి, చూడ్డానికి పాతగా ఉండాలి అని టీచర్ గారు మెసేజ్ పెట్టారు. కాఫీలో ముంచితే అయిపోతుందని వీడియోలో చూసి నిన్న రాత్రి చేశా. ఇంట్లో మిగిలిన కాఫీ ఉంది కదా వేస్ట్ చెయ్యడం ఎందుకని పాలూ పంచదారా కలిపిన అదే కాఫీ పళ్ళెంలో పోసి, మా ఆయన ప్రింటర్‌లో తీసిన ఉత్తరం అందులో ముంచా. అక్షరాలన్నీ ఊదారంగులో కారిపోయాయి, ఎత్తబోతే మూల ఊడి చేతికొచ్చింది, సరే అని ఆరబెడితే పొద్దునకి అప్పడంలా వంకర్లు పోయి దాని మీద చీమల బారు. ఇంకా పది రోజులే టైం ఉంది, ఇక్కడేమో మూడు రోజుల నుంచి ఒకటే ముసురు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

కత్తెర కాగితం
అక్కా తప్పేమీ లేదు గానీ చీమలకి మాత్రం పండగ చేశావు 😄 నేను స్క్రాప్‌బుక్‌లు చేస్తా, మొదట్లో నావీ ఇలాగే పోయినయ్. పాలూ చక్కెరా అస్సలొద్దు, పాలు ఉంటే వాసనొస్తది, ఈ తడికి బూజు కూడా పడ్తది. రెండ్రూపాయల ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్లు ఒక ఐదారు తీస్కో, ఒక గ్లాసు వేడినీళ్ళలో కలిపి చల్లారనియ్. ఫిల్టర్ డికాషన్ కూడా పనికొస్తది కానీ బట్టలో వడకట్టాలి, లేకపోతే నలుసులు అంటుకుని గరగర అంటది. ఇక ముంచుడు మానెయ్, అక్కడే చిరుగుతది. ప్లాస్టిక్ షీట్ మీద పేపర్ పెట్టి స్పాంజితోనో పాత గుడ్డతోనో అద్దు, ఎత్తేటప్పుడు షీట్‌తో సహా ఎత్తు. ముందే ఒకసారి ఉండలా నలిపి విప్పితే ఆ ముడతల్లోకి రంగు ఎక్కువ పోయి గీతలు గీతలుగా భలే వస్తది. ఒకేసారి చిక్కగా కొట్టకు, పల్చగా ఒక కోటు, ఆరినాక ఇంకోటి. తడి మీద ఉండగా కాఫీ పొడి రెండు చిటికెలు చల్లి ఐదు నిమిషాలాగి దులిపేస్తే మచ్చలు మచ్చలుగా ఉంటది, నాకైతే ఆ పార్టే ఇష్టం.

ఆరబెట్టడానికి తీగ మీద క్లిప్పులు పెట్టొద్దు, రంగంతా కిందికి దిగి ఒక చివరే నల్లగైతది. నేల మీదే ఫ్యాన్ కింద వదిలెయ్, కొంచెం చెమ్మ ఉండగా పైనా కిందా పాత చీర ముక్క వేసి ఇస్త్రీ చెయ్, అప్పడం సమస్య తీరిపోతది.

జిరాక్స్ బాబాయ్
అమ్మా ఆ ఊదారంగు కారడం కాఫీ తప్పు కాదు. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఎక్కువ వాటికి నీళ్ళు తగిలితే ఇంకు కారుద్ది. షాపులో లేజర్ ప్రింట్ గానీ జిరాక్స్ గానీ తీయించుకో, అది పొడిని వేడితో కాగితానికి అతికించడం కాబట్టి నీళ్ళకి కదలదు. చేత్తో రాసేట్టయితే బాల్ పెన్ను పర్లేదు, జెల్ పెన్ను, ఇంకు పెన్ను అయితే ముందు కాఫీ పూసి పూర్తిగా ఆరాక రాయాలి. ఇంకో మాట, మామూలు 70 జీఎస్ఎమ్ (కాగితం బరువు లెక్క, ఎక్కువుంటే దళసరి) కాగితం తడికి ఆగదు. 100 జీఎస్ఎమ్ బాండ్ పేపరు అడుగు, నాలుగు షీట్లు తీసుకో, రెండు ఎలాగూ పోతాయి. గ్లాసీ పేపర్ మాత్రం వద్దు, మీద పూత ఉంటది కాబట్టి రంగు పీల్చదు.

పసుపుపచ్చ
కాఫీ ఎందుకండీ, పసుపు నీళ్ళలో ముంచితే సరిపోతుంది కదా, చిన్నప్పుడు మేం అలాగే చేసేవాళ్ళం. అంచులు కొవ్వొత్తి మీద కాలిస్తే అచ్చం పాత పత్రమే.

కత్తెర కాగితం
పసుపు రంగు ఎండకి ఎల్సిపోతదండీ, పైగా సబ్బు చేత్తో ముట్టుకుంటే అక్కడ ఎర్రగైతది, పారాణి తెలుసు కదా పసుపులో సున్నం కలిపితేనే అది. ఇంక కొవ్వొత్తి అంటే, పిల్లల పని అది, నిప్పెందుకు. వేలు తడిచేసి అంచు వెంబడి రాసి మెల్లగా చించితే పీచు పీచుగా వస్తది, ఆ అంచుకే చిక్కటి డికాషన్ బ్రష్‌తో అద్దితే కాలినట్టే కనిపిస్తది. నా చున్నీ ఒకటి ఈ కొవ్వొత్తి యవ్వారంలోనే పోయింది అందుకే చెప్తున్నా.

పెన్షన్ మాస్టారు
నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను కాబట్టి ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. మరుసటి రోజు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ ఉత్తరం పోలీసు చేతికి వచ్చేనాటికి అది నిన్నో మొన్నో రాసిన కాగితం కదమ్మా, వందేళ్ళ నాటి రంగు దానికి అప్పుడే ఎలా వస్తుంది? మ్యూజియంలో పెట్టేదైతే గోధుమరంగు ఉండాలి గానీ స్కిట్‌లో ఉన్నది ఆ రోజే కదా. కాకపోతే స్టేజీ మీద తళతళలాడే తెల్ల ఏ4 కాగితం కూడా ఎబ్బెట్టుగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కాబట్టి ఒక్క పల్చటి కోటు చాలు, లేత గోధుమరంగు వచ్చాక ఆపేయండి. ఇంకో విశేషం, ఇప్పుడు చింతపల్లి, పాడేరు, అరకు అన్నీ అల్లూరి పేరు పెట్టిన జిల్లాలోనే ఉన్నాయి, ఆ కొండల మీద పండేదీ కాఫీయే. ఆయన ఉత్తరానికి ఆ మన్యం కాఫీ పొడే దొరికితే పూయండి, మా మనవరాలు చెప్పింది ఈ ఐడియా.

కాళహస్తి కలం
మాది కలంకారీ ఇల్లు. మేము గుడ్డకి బొమ్మ వేసే ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం, పాల వల్ల రంగు పాకకుండా నిలుస్తుంది. అది ఆరాక గుడ్డకి లేత పసుపు వస్తుంది చూడండి, అచ్చం పాత పుస్తకం లోపలి పేజీ రంగే. కాగితానికైతే పాలు వద్దు, ఉత్త కరక్కాయ పొడి (ఆయుర్వేదం కొట్లో దొరుకుతుంది) వేడినీళ్ళలో రాత్రంతా నానేసి వడకట్టి పూయండి, ఆ మీద అక్కడక్కడ కాఫీ. ఒక్క జాగ్రత్త, ఇనప గిన్నె ముట్టుకోకండి, కరక్కాయకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. మేము నలుపు వేసేదే అట్లా, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వారాల కొద్దీ ఊరబెట్టి ఆ నీళ్ళతో గీస్తే కరక్కాయ గుడ్డ మీద గీత నల్లగా తేలుతుంది.

బెజవాడ అమ్మ
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. జిరాక్స్ బాబాయ్ గారు చెప్పినట్టు బాండ్ పేపరు తెచ్చా, మావాడే బాల్ పెన్నుతో రాశాడు. మాస్టారి మాట విని ఒక్క కోటుతో ఆపుదామనుకున్నా గానీ నేను టీవీ చూస్తుంటే వాడు రెండో కోటు కూడా వేసేశాడు, ఒక మూల కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కూడా పడింది. తుడవబోతే వాళ్ళ నాన్న ఆపారు, పోలీసోడు టీ తాగుతూ పెట్టాడనుకుంటార్లే అని. ఇస్త్రీ చేశాక చక్కగా సాపుగా ఉంది, చీమలు కూడా రాలేదు. ఆఖరి డౌటు, మిరపకాయలు ఎండువి కట్టాలా పచ్చివా?

జిరాక్స్ బాబాయ్
ఎండువే కట్టమ్మా, పచ్చివి రెండ్రోజులకి మెత్తబడి కాగితానికి చెమ్మ పడుద్ది. పగిలినవి లేకుండా చూసి తొడిమలకి దారం కట్టు, గింజలు రాలితే పిల్లలు అదే చేత్తో కళ్ళు నలుపుకుంటారు.