టెర్మినల్ కమాండ్లు నేర్చుకోవడానికి మీరు దేన్ని నమ్ముకున్నారు?

కొత్తకీబోర్డు:
డైరెక్టరీ మార్చే సీడీ, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్, కాపీ చేసే సీపీ వచ్చు. అంతకు మించి ఏది కావాలన్నా వెతకడం, కాపీ చేయడం, పేస్ట్ చేయడం. ఏం చేశానో నాకే తెలియదు. అందరూ మ్యాన్, అంటే కంప్యూటర్‌లోనే ఉండే కమాండ్ల మాన్యువల్, చూడమంటారు గానీ మ్యాన్ సీడీ కొడితే అలాంటి పేజీయే లేదంది. అసలు కమాండ్ పేరే తెలియనప్పుడు ఏమని వెతకాలి? మంచి పుస్తకం ఉంటే అదీ చెప్పండి.

రాత్రిడ్యూటీ:
చదవకుండా కొట్టడం ఇవాళే మానేయండి. వేళకి వాటంతట అవే నడిచే పనుల జాబితా క్రాన్‌ట్యాబ్ మార్చబోయి, దిద్దే డ్యాష్ ఈ బదులు తుడిచే డ్యాష్ ఆర్ కొట్టాను. కీబోర్డు మీద రెండూ పక్కపక్కనే. ఒక్క మాట అడక్కుండా జాబితా మొత్తం తుడిచేసింది. బ్యాకప్ లేదు. రెండు రాత్రులు కూర్చుని గుర్తున్నంత వరకు మళ్లీ రాశాను. డ్యాష్ ఐ కూడా కలిపితే ముందు అడుగుతుందని మ్యాన్ పేజీలోనే ఉంది. అన్నీ పోయాక చదివాను.

మ్యాక్‌వాసి:
మ్యాన్ సీడీ లేదనడం తప్పు. నా దగ్గర పేజీ వస్తోంది.

సర్వర్‌కాపరి:
వస్తుంది, చదివారా? అది సీడీ పేజీ కాదు, బిల్టిన్ల పట్టిక, అంటే షెల్ (మీరు కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) లోపలే ఉండే కమాండ్లు. 20 ఏళ్లుగా సర్వర్లు చూస్తున్నాను, ఈ పొరపాటు ప్రతి కొత్తవాళ్లూ చేస్తారు. సీడీ విడి ప్రోగ్రామ్ అయితే తన డైరెక్టరీ తాను మార్చుకుని ముగిసిపోతుంది, మీ షెల్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే దాన్ని షెల్ లోపలే పెట్టారు. టైప్ సీడీ అని కొట్టండి. బిల్టిన్ అని వస్తే హెల్ప్ సీడీ.

మ్యాక్‌వాసి:
హెల్ప్ సీడీ కొట్టాను. కమాండ్ నాట్ ఫౌండ్.

సర్వర్‌కాపరి:
హెల్ప్ బ్యాష్ అనే షెల్‌లో ఉంటుంది. 2019లో క్యాటలీనా అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి మ్యాక్‌లో డీఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్. మ్యాన్ జెడ్‌ఎస్‌హెచ్‌బిల్టిన్స్ చూడండి.

మ్యాక్‌వాసి:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది. నా తప్పు ఎత్తిచూపడానికి ఉన్న తొందర సాయం చేయడానికి లేదు మీకు.

చిన్నచీటీ:
మ్యాన్ పేజీ తెలిసినవాడికి గుర్తుచేస్తుంది, తెలియనివాడికి నేర్పదు. ఫైళ్లను ఒక్క మూటగా కట్టే టార్ కమాండ్ పేజీ తెరిచి చూడండి, ఆప్షన్లు దిగుతూనే ఉంటాయి. నన్ను నిలబెట్టింది టీఎల్‌డీఆర్ పేజీలు. కమాండ్‌కి కొన్ని ఉదాహరణలు, అంతే. మొదటి రోజే పని జరిగింది.

సర్వర్‌కాపరి:
ఆ ఉదాహరణ మీ మెషీన్‌లో నడుస్తుందని ఎవరు చెప్పారు? ఫైల్‌లోని మాటలు మార్చే సెడ్ డ్యాష్ ఐ లినక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా. మ్యాక్‌లో దాని తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వాలి, వద్దనుకుంటే ఖాళీ కోట్స్ అయినా పెట్టాలి. మ్యాన్ పేజీ మీ దగ్గరున్న వెర్షన్ గురించే మాట్లాడుతుంది. 1971లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన థాంప్సన్, రిచీల మొదటి మాన్యువల్‌లోనే బగ్స్ అని శీర్షిక పెట్టి లోపాలు కూడా రాశారు. అంత నిజాయితీ ఇంకెక్కడ దొరుకుతుంది?

చిన్నచీటీ:
లోపాలు రాశారు, సంతోషం. ఉదాహరణలు రాస్తే మాలాంటివాళ్లు పారిపోయేవాళ్లం కాదు.

రాత్రిడ్యూటీ:
క్రాన్‌ట్యాబ్‌కి రెండు పేజీలుంటాయి. కమాండ్ గురించి 1వ సెక్షన్‌లో, పని వేళను చెప్పే ఐదు గళ్లు ఎలా నింపాలో 5వ సెక్షన్‌లో. మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్ అని అంకెతో కొట్టాలి. ఇది నాకు చాన్నాళ్లు ఎవరూ చెప్పలేదు.

మౌనపాఠకి:
పేరు తెలియనప్పుడు ఎలా అని కదా ఆయన అడిగింది! మ్యాన్ డ్యాష్ కె కంప్రెస్ అని కొట్టండి. ప్రతి పేజీకీ ఉండే ఒక్క వరుస వివరణలో ఆ మాట వెతుకుతుంది. నాకు సగం కమాండ్లు ఇలాగే పరిచయమయ్యాయి.

కొత్తకీబోర్డు:
కొట్టానండీ. నథింగ్ అప్రోప్రియేట్ అంటోంది.

మౌనపాఠకి:
ఇండెక్స్ తయారై ఉండదు. సుడో మ్యాన్‌డీబీ ఒకసారి నడిపి మళ్లీ చూడండి. పేజీలో వెతకాలంటే స్లాష్, బయటికి రావాలంటే క్యూ.

కొత్తకీబోర్డు:
వచ్చాయి! జీజిప్, బీజిప్2, ఎక్స్‌జెడ్, ఇంకా బోలెడు. ఇన్నాళ్లూ బయటికి రావడం తెలియక విండోనే మూసేస్తున్నాను. పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు.

చిన్నచీటీ:
ముందు టార్ పేజీ చదివి రండి. మాలో ఎవరిది రైటో మీరే చెప్పాలి.